వాపసు ఇవ్వాల్సిన వస్తువులు

కాక పోయాడన్న కబురు నాకు వాయిస్ మెసేజిగా వచ్చింది. పంపింది ఆయన కొడుకు. "అన్నా, బాపు పొద్దుగాల పానం ఇడిసిండు. నీకు చెప్పుమని అమ్మ అన్నది." అంతే ఉంది. క్యాంప్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని రెండుసార్లు విన్నాను. మూడోసారి వినే ధైర్యం లేక ఫోన్ జేబులో వేసుకున్నాను. చెవులు వినపడని మనిషి చావు కబురు ఇలా గొంతుతో రావడం చూసి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆయనైతే నవ్వు దగ్గరే ఆగేవాడు.

ఆయన పేరు మా రిజిస్టర్లలో ఉంది. ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆయన తిరిగి చూసిన పాపాన పోలేదు. ఏ పేరుతో పిలిచినా చూసేవాడు కాదనుకోండి. జగిత్యాల వైపు మనిషి. నాది గోదావరి జిల్లా. కలిసింది గల్ఫ్‌లో, సముద్రం ఒడ్డున. అల్ హైల్‌లో మా కంపెనీ క్యాంపులో చిన్నా పెద్దా అందరికీ ఆయన కాకే. బంగ్లాదేశ్ వాళ్ళు కూడా కాకా అనే పిలిచేవాళ్ళు. వాళ్ళ భాషలోనూ ఆ వరస ఉందిట.

నేను క్యాంప్ క్లర్కుని. ఎవరికి ఏ రూమ్ ఇచ్చాం, ఎవరి హెల్మెట్ పగిలింది, ఎవరు సెలవు మీద వెళ్ళారు, ఎవరు ఎగ్జిట్ కొట్టించుకుని ఇక రాకుండా వెళ్ళిపోయారు, అన్నీ రాసేది నేనే. గోడల మీద నోటీసులు అంటించేదీ నేనే. కాకకీ నాకూ గొడవ మొదలైంది ఆ గోడ దగ్గరే.

ముందు ఆయన గొంతు గురించి చెప్పాలి. కాక పదకొండేళ్ళు బ్రేకర్ పట్టాడు. కొండరాయిని ముక్కలు చేసే ఆ మిషను రోజంతా చేతుల్లో, ఛాతీలో, చెవుల్లో దడదడలాడుతూ ఉండేది. చెవులు మెల్లమెల్లగా పోయాయి. తర్వాత కంపెనీ ఆయన్ని విల్లాల సైట్లలో గోడలు కట్టే పనికి మార్చింది. పని మారింది గానీ ఆయన గొంతు మాత్రం పక్కన బ్రేకర్ ఇంకా నడుస్తున్నట్టే ఉండేది. నాతో రహస్యం చెప్పాలంటే భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గరికి వంగి, మెస్ హాలు మొత్తానికి వినపడేలా చెప్పేవాడు.

"గీ క్యాంప్ బాస్‌కు జుట్టుకు రంగేసుకునుడు రాదు కొడుకా. చెవులకు గుడ అంటింది సూడు."

క్యాంప్ బాస్ హిందీ మనిషే అయినా రంగు అంటే ఏమిటో ఆయనకీ తెలుసు. ఆ వారమంతా ఆయన కోపం నా మీదే.

కాకని ఎవరైనా చెవిటివాడంటే పట్టించుకునేవాడు కాదు. పాపం అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. "చెవులు పోయినయ్ అంటరేందిర? ఏడికి పోతయ్? కంపెనీ దగ్గర ఉన్నయ్" అనేవాడు. డాక్టరు ఇచ్చిన చెవి మిషను ఒక వారం పెట్టుకున్నాడు. పెట్టుకుంటే మళ్ళీ బ్రేకర్ పట్టినట్టే ఉందని తీసి ట్రంకు పెట్టెలో పడేశాడు.

పెదవులు చూసి తెలుగు గ్రహించేవాడు. హిందీ పెదవులు ఆయనకి అంతుపట్టేవి కావు. నేను అలవాటు కొద్దీ మీరు అంటే విసుక్కునేవాడు. "మీరు అనకు. నా ఎనుక ఇంకెవలో నిలవడ్డరని మర్లి మర్లి సూడవడ్తున్న." వీడియో కాల్‌లో భార్య పెదవులు బాగా కనపడాలని ఫోన్ దగ్గరికి తెచ్చుకునేది. "జెర దూరం పోవే, ముక్కొక్కటే కనవడ్తున్నది" అని ఈయన అరిచేవాడు. గిన్నె మూత మీద అరచెయ్యి పెట్టి టీ మరిగిందో లేదో చెప్పేవాడు. గోడకి చెయ్యి ఆనించి బయట లారీ వచ్చిందని చెప్పేవాడు. మెలకువగా ఉన్నంతసేపూ ఆయనకి తెలియకుండా క్యాంపులో ఏదీ జరిగేది కాదు.

నిద్రపోతేనే కష్టం. ఒక శుక్రవారం మధ్యాహ్నం క్యాంపులో ఫైర్ డ్రిల్ పెట్టారు. సైరన్ మోగింది. అందరం ఎండలోకి పరిగెత్తి వరసలో నిలబడ్డాం. తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ వచ్చింది. వెళ్ళి చూస్తే కాక గురక పెడుతున్నాడు. రూమ్ వాళ్ళు ఎవరికి వారు మరొకరు లేపారనుకున్నారు. ఆ రిపోర్టు రాసింది నేనే. సైరన్ మోగుతుండగా ఆ నిద్రని వీడియో తీసి ఆఫీసుకు పంపిందీ నేనే. దాని కింద సేఫ్టీ ఆఫీసర్, ఒక మలయాళీ ఆయన, ఇంకో మాట చేర్చాడు: తర్వాతి డ్రిల్‌లోనూ తనంతట తాను బయటికి రాలేకపోతే ఈ మనిషిని క్యాంపులో ఉంచడం కుదరదు. క్యాంపులో చోటు లేకపోతే కంపెనీలోనూ లేదు. అంటే ఇంటికే.

మేక వచ్చింది ఆ తర్వాతే. సైట్ పక్క విల్లాలో ఒక ముసలావిడకి మేకలుండేవి. ఆ ఇంట్లో పనిచేసే కడప అక్క ఒకరోజు తడి ఆరని పిల్లని గుడ్డలో చుట్టి తెచ్చి గోడ మీదుగా అందించింది. "అన్నా, దీని తల్లి సచ్చిపాయ. మా ముసలామె ఎవరికైనా ఇచ్చేయమనింది. నువ్వు సాక్కో, పుణ్యముంటాది" అంది. కాకకి సగం అర్థమైంది. మిగతా సగం ఆ పిల్ల ఆయన వేలు నోట్లో పెట్టుకున్నాక అర్థమైంది. రూమ్‌కి తెచ్చి, తన మంచం కింద ఖాళీ సిమెంటు సంచి పరిచాడు.

ఆడపిల్ల. మేడం అని పేరు పెట్టింది ఎవరో తెలియదు గానీ కాక ఆ పేరుని గర్వంగా వాడేవాడు. "మేడం ఆకలిగొన్నది, జరుగుండ్రి."

మేడంకి ఎవరూ పనిగట్టుకుని ఏమీ నేర్పలేదు, మొదట్లో. ఆ రూమ్‌లో తెల్లవారుజామున ఎవరో ఒకరి ఫోన్ అలారం మోగేది, పక్కవాడు కాకని కుదిపి లేపేవాడు, కాక లేస్తూనే పిల్లకి సీసాతో పాలు పట్టేవాడు. వారం తిరిగేసరికి మేడంకి లెక్క తెలిసిపోయింది. అలారం మోగితే పాలు. పాలు కావాలంటే కాక లేవాలి. అలారం మోగడం ఆలస్యం, కాక ఛాతీ మీద రెండు కాళ్ళూ పెట్టి నుదుటితో గుద్దేది. ఇది చూసి కాక బుర్ర పనిచేసింది. డ్యూటీ వ్యాన్ హారన్ కొట్టినప్పుడల్లా ఖర్జూరం ముక్క పెట్టడం మొదలుపెట్టాడు. నెల తిరగకుండా హారన్ వినపడితే చాలు, మేడం ఆయన లుంగీ అంచు పట్టి వ్యాన్ దాకా లాక్కెళ్ళేది. రూమ్ వాళ్ళకి ఇది ఆట అయింది. దూరం నుంచి కాకా అని పిలిచేవాళ్ళు. కాకకి వినపడేది కాదు, మేడంకి వినపడేది. వెళ్ళి మోకాలి మీద ఒకటి పొడిచేది.

అంటే మేడం దేవత అని కాదు. సబ్బు తినేది. ఒకాయన వీసా కోసం తీయించుకున్న ఫోటోలు నాలుగూ నమిలేసింది. ఫిర్యాదు వచ్చింది. క్యాంప్ బాస్ నన్ను పిలిచి నోటీసు పెట్టమన్నాడు. క్యాంపులో జంతువులు నిషేధం, శుక్రవారం లోపు తీసేయాలి అని అయిదు భాషల్లో రాయించి, మైదా జిగురు ఉడికించి గోడకి అంటించాను. సాయంత్రానికి హిందీ, ఉర్దూ, బెంగాలీ లేవు. తెలుగు సగం ఉంది. మేడం మూతికి జిగురంటుకుని ఉంది. నా రాత మీద అంత ఇష్టం చూపించినవాళ్ళు క్యాంపులో మరొకరు లేరు.

నవ్వులాట బాగానే ఉంది. కానీ రాబోయే శుక్రవారమే రెండో డ్రిల్. మేక పోతే కాక లేవడు. కాక లేవకపోతే ఇంటికే. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా నేను క్లర్కుని కదా, వెళ్ళి మర్యాదగా చెప్పాను, మేకని పంపించేయండి కాకా అని. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు.

"జంతువులు వద్దని రాసినవ్ గదా. కింద ఇంకొకటి రాయి. చెవులు లేనోళ్ళు గుడ వద్దని. రెండు ఒక్కటే ముచ్చట. రాయి మరి!"

"రూల్ కంపెనీది కాకా. నేను రాసేవాణ్ణి మాత్రమే."

"రాసెటోనికి చెయ్యుంటది గదా కొడుకా. ఆ చెయ్యి నీదే గదా?"

నాకు కోపం వచ్చింది. నిజం విన్నప్పుడు నాకు కోపమే వస్తుంది. ఇంటికి పోతే ఏమైంది, ఎన్నాళ్ళు ఈ ఎండలో అని ఏదో అన్నాను. ఆయన నా పెదవులు పూర్తిగా చూసి, మొదటిసారి గొంతు తగ్గించాడు.

"పోత. మా ఇంటికి స్లాబు ఏసినంక పోత. ఎన్నడు పోవాల్నో నేను చెప్త. చెవులు తీసుకున్నోళ్ళే చెవుల్లేవని ఎల్లగొట్టుడేంది?"

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చాక మేకని వెంటబెట్టుకుని సరాసరి క్యాంప్ బాస్ గదిలోకి నడిచాడు. తర్జుమాకి నన్నూ లాక్కెళ్ళాడు. ఆయన అరుపుకి క్యాంప్ బాస్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కాక అడిగింది ఒకటే: డ్రిల్ దాకా మేకని ఉండనివ్వండి, అందరికంటే ముందు నేను బయటికి రాకపోతే మేకని వదిలేసి నా అంతట నేనే విమానం ఎక్కుతా. నేను భయపడి, 'అందరితో పాటు రాకపోతే' అని హిందీలో చెప్పాను. కాకకి హిందీ పెదవులు తెలియవు గానీ నా మొహం తెలుసు.

"తక్కువ చేసి చెప్పినవ్. మళ్ళ చెప్పు."

మళ్ళీ చెప్పాను. క్యాంప్ బాస్ నవ్వి ఒప్పుకున్నాడు. మేక సైరన్ సంగతి ఎరగదని ఆయన ధీమా. బయటికి వచ్చాక నేను ఫోన్ తీసి, పాత డ్రిల్ వీడియో కాకకి చూపించాను. ఆయన్ని పట్టించిన వీడియోలోనే సైరన్ ఉంది. ఆ మిగిలిన మూడు రోజులూ సాయంత్రం ఆయన మంచం మీద కళ్ళు మూసుకుని పడుకోవడం, నేను సైరన్ మోగించడం, మేడం ఆయన్ని లేపి బయటికి లాగడం, ఖర్జూరం తినడం. అరకిలో ఖర్జూరం అయిపోయింది. మేడం బొద్దుగా తయారైంది.

శుక్రవారం సైరన్ మోగేసరికి నేను లెక్క కాగితం పట్టుకుని బయటే నిలబడ్డాను. మొదట తలుపులోంచి వచ్చింది మేడం. ఆమె నోట్లో లుంగీ అంచు. ఆ లుంగీని రెండు చేతులతో నడుం దగ్గర గట్టిగా పట్టుకుని, జుట్టు రేగిపోయి, కాక. వాళ్ళ వెనక మిగతా క్యాంపంతా వచ్చింది. లెక్క పెడితే మళ్ళీ ఒకటి తక్కువ. కాసేపటికి క్యాంప్ బాస్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడుకి సైరన్ వినపడలేదుట.

"ఆయనకు గుడ ఒక మేకను ఇప్పియ్యుండ్రి!" అన్నాడు కాక. ఆ మాట సముద్రం దాకా వినపడి ఉంటుంది.

సేఫ్టీ ఆఫీసర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత తల గోక్కున్నాడు. జంతువుని క్యాంపులో ఉంచడానికి తన దగ్గర కాగితం లేదన్నాడు. పరికరాలకైతే ఉందన్నాడు. నా వంక చూశాడు. రాసేవాడికి చెయ్యి ఉంటుంది కదా. కాక పేరు మీద సేఫ్టీ సామాను ఇచ్చిన ఫారం తీసి, హెల్మెట్ ఒకటి, బూట్లు ఒక జత, జాకెట్ ఒకటి అన్న వరసల కింద నా చేత్తో రాశాను: అలారం (మేక), ఒకటి. సేఫ్టీ ఆఫీసర్ సంతకం పెట్టాడు. కాక ఆ వరసని నాతో మూడుసార్లు చదివించుకుని తనూ సంతకం చేశాడు. ఆ రాత్రి ఇద్దరం రాజ్యం గెలిచినంత సంబరపడ్డాం. ఆ ఫారం చివరి గడి ఏమిటో మాత్రం ఇద్దరం చూడలేదు.

ఆ గడి సంగతి నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. ఊళ్ళో స్లాబు పడింది. ఫోటో వచ్చిన రోజే కాక రాజీనామా కాగితం తెచ్చాడు, తనంతట తాను. విమానం టికెట్ వచ్చింది. మేడంని తిరిగి ఆ ముసలావిడ మందలోకే పంపాలని కడప అక్కతో మాట కూడా అయింది. వెళ్ళే రోజు ఉదయం, సామాను అప్పజెప్పి సంతకాలు తీసుకునే పని పెట్టుకున్నాం. అప్పటికి క్యాంప్ బాస్ మారాడు. కొత్తాయన ఫారం ముందేసుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టాడు. హెల్మెట్ వచ్చింది. బూట్లు వచ్చాయి. జాకెట్ వచ్చింది.

"బక్రీ?" అన్నాడు.

చివరి గడి పేరు వాపసు. కాగితం మేకని కాపాడిందనుకున్నాం. కాగితం మేకని కంపెనీ సొత్తు చేసింది. కంపెనీ సొత్తు బయటివాళ్ళకి ఇవ్వడం కుదరదన్నాడు కొత్త బాస్. వచ్చే వారం కంపెనీ విందు ఉందని, బాగా బలిసిందని కూడా అన్నాడు. తప్పు నాది. కాక వైపు తిరిగి, పెదవులు మాత్రం కదిపాను: చచ్చిపోయిందని రాసేస్తాను కాకా, అక్కకి ఇచ్చేయ్.

ఆయన ఊరుకుంటాడా! "బతికున్నదాన్ని పట్టుకొని సచ్చిందని రాస్తవా? నన్ను గుడ గట్లనే రాయవోయిండ్రు, పనికిరాడని." ఫారం బాస్ ముందు నుంచి లాక్కుని దాని మీద వేలు పెట్టాడు. "గిండ్ల నేను ఇయ్యాల్సినయ్ ఉన్నయ్. నాకు వాపసు ఇయ్యాల్సినయ్ ఏడున్నయ్? చెవులు రెండు. రాయి కొడుకా. ఆయనకు చెప్పు."

ఈసారి తక్కువ చేయలేదు. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. చెవులు నేనెక్కడి నుంచి తేను అన్నాడు బాస్, మెల్లగా. నేను పెదవులతో కాకకి అందించాను.

"తేలేవు. ఎరికే. గందుకే మేకను కడుపుల ఏసుకోకు. చెవుల జాగల ఉన్నదది."

అని బయటికి వెళ్ళి, పద్నాలుగో రూమ్ నుంచి ఒక మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బంగ్లాదేశ్ అతను, టైల్స్ కోసే మిషను మీద పని. మౌనంగా ఉంటాడని అనుకునేవాళ్ళం. జోకు చెబితే అందరూ నవ్విన తర్వాత నవ్వేవాడు. అతనికి చెవులు పోతున్నాయని ఆఫీసులో ఎవరికీ తెలియదు. కాకకి తెలుసు. నవ్వు ఆలస్యం కావడం ఎందుకో ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అతను తలుపు వైపే చూస్తున్నాడు. తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఏడాదిగా దాచుకున్నాడు పాపం.

కాక అతని భుజం పట్టుకుని తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలూ వాడాడు. "డర్ మత్. సైన్ కర్." మా వైపు తిరిగాడు. "నా దగ్గరికెల్లి వాపసు తీసుకోండ్రి. గీయనకు ఇష్యూ చెయ్యుండ్రి. నా ముంగటనే. ఆ సంతకం అయితదాంక నేను కదల, విమానం పోతె పోనీ."

కొత్త బాస్ నన్ను చూశాడు. నేను అప్పటికే కొత్త ఫారం తీసి రాస్తున్నాను. అలారం (మేక), ఒకటి. అతను సంతకం పెట్టాడు. బాస్ పెట్టాడు. నేను పెట్టాను. కాక తన ఫారంలో వాపసు గడిలో టిక్కు పడిందాకా అక్కడే నిలబడ్డాడు.

బయట ఎయిర్‌పోర్టుకి వెళ్ళే వ్యాన్ వచ్చి ఆగింది. కాక అందరితో గట్టిగా మాట్లాడుతూ దానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. మేడం ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి, ఆ రోజు ఆయన వేసుకున్న కొత్త ప్యాంటు అంచు పట్టుకుంది. రోజూ చేసినట్టే వ్యాన్ దాకా లాక్కెళ్ళింది. తలుపు దగ్గర వదిలేసి, ఖర్జూరం కోసం మూతి పైకెత్తింది. కాక జేబులు వెతికాడు. దొరికింది. గింజ తీసి పెట్టాడు. మేడం నమలడం అయ్యేదాకా ఆమె తల మీద చెయ్యి తీయలేదు. తర్వాత ఎక్కి, మా వైపు చూడకుండా కూర్చున్నాడు.

అది జరిగి రెండేళ్ళు. ఈ రోజు కబురు విన్న సాయంత్రమే హెడ్డాఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. మెస్ దగ్గర టైల్స్ అతని కాళ్ళ పక్కన పడుకున్న మేడంని చూసి, గోడ మీది నోటీసు చూపించి, ఇదేమిటి, రేపటికల్లా ఇది ఇక్కడ ఉండకూడదు అన్నాడు. మామూలుగా నేను గొంతు దించి, సార్ సార్ అని సర్దిచెప్పే మనిషిని. ఫైలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఏం చెప్పాలో హిందీలో అనుకున్నాను గానీ నోటికి తెలుగే వచ్చింది, అదీ ఎన్నడూ లేనంత గట్టిగా, అచ్చం కాకలా.

"అది జంతువు కాదు. అలారం. ఇష్యూ అయింది, సంతకాలున్నాయి చూసుకోండి. తీసేయాలంటే ముందు రెండు చెవులు తెచ్చి ఇతని చేతిలో పెట్టండి!"

మెస్ హాలంతా తిరిగి చూసింది. మేడం దిగ్గున లేచింది. చెవులు నిక్కించి, తోక ఆడిస్తూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, నన్ను వాసన చూసి, నన్ను దాటి నా వెనక ఎవరున్నారా అని మెడ చాచి చూసింది.

నేనూ వెనక్కి తిరిగి చూశాను.